ఏడాదికి ఒకే పిల్ల: దక్షిణ అమెరికా అడవి దుప్పులు

మేక ఒక ఈతలో రెండు పిల్లలు వేస్తుంది. ఒక్కోసారి మూడు కూడా వేస్తుంది. కుక్క అయిదారు పిల్లల్ని పెడుతుంది. కోడి పదీ పన్నెండు గుడ్లు పొదుగుతుంది. అడవిలో ఉండే దుప్పి మాత్రం చాలావరకు ఏడాదికి ఒకే పిల్లను ఈనుతుంది.

ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. దుప్పులు ఎందుకు తొందరగా తరిగిపోతాయో తెలుస్తుంది. తరిగినవి మళ్లీ పెరగడానికి ఎందుకు అంత కాలం పడుతుందో కూడా తెలుస్తుంది.

ఇది మన అడవుల సంగతి కాదు. భూమికి అవతలి వైపు ఉన్న దక్షిణ అమెరికా సంగతి. అయినా ఇందులో మనకు తెలిసిన విషయాలు చాలా ఉన్నాయి. పశువుల మేత ఉంది. గాలికుంటు రోగం ఉంది. డ్యాం కింద ముంపు ఉంది. మన చుక్కల దుప్పి కూడా ఉంది. అది అక్కడికెలా వెళ్లిందో ముందు ముందు చూద్దాం.

జింక వేరు, దుప్పి వేరు

మనం మాటల్లో రెండింటినీ జింక అనే అంటాం. కానీ రెండూ ఒకటి కాదు.

కృష్ణజింకను చూడండి. దాని కొమ్ములు మెలి తిరిగి ఉంటాయి. ఒకసారి వచ్చిన కొమ్ము ఇక ఊడదు. గేదె కొమ్ములాగా చచ్చేదాకా ఉంటుంది.

దుప్పి కొమ్ము అలా కాదు. అది కొన్నాళ్లకు రాలిపోతుంది. ఆ చోట మళ్లీ కొత్త కొమ్ము మొలుస్తుంది. మొలిచేటప్పుడు దాని మీద మెత్తని నూగు చర్మం ఉంటుంది. కొమ్ము ముదిరాక ఆ చర్మం ఊడిపోతుంది. దక్షిణ అమెరికా దుప్పుల్లో మగవాటికే కొమ్ములుంటాయి. ఆడవాటికి ఉండవు.

దక్షిణ అమెరికాలో సొంతంగా పుట్టిన కృష్ణజింకల వంటివి లేవు. అక్కడున్నవన్నీ దుప్పులే.

ఆ దేశాలు ఎక్కడున్నాయి?

అమెరికా అనగానే మన పిల్లలు చదువులకూ ఉద్యోగాలకూ వెళ్లే దేశం గుర్తుకొస్తుంది. అది ఉత్తర అమెరికాలో ఉంది. పటంలో దానికి దిగువన ఇంకో పెద్ద భూభాగం కనిపిస్తుంది. అదే దక్షిణ అమెరికా. బ్రెజిల్, పెరూ, బొలీవియా, కొలంబియా, ఈక్వడార్, పరాగ్వే, ఉరుగ్వే, అర్జెంటీనా వంటి దేశాలు అందులో ఉన్నాయి.

అందులో ఎక్కువ భాగం మనలాగే వేడి ప్రాంతం. అమెజాన్ అనే మహానది అక్కడే పారుతుంది. దాని చుట్టూ ప్రపంచంలోకెల్లా పెద్ద వాన అడవి ఉంది. అడవికి దిగువన పెద్ద పెద్ద గడ్డి మైదానాలు ఉన్నాయి. నీళ్లు నిలిచే చిత్తడి నేలలు ఉన్నాయి. పడమటి వైపు ఆండీస్ అనే ఎత్తైన కొండల వరుస ఉంది. ఈ నాలుగు చోట్లా నాలుగు తీర్ల దుప్పులు బతుకుతున్నాయి.

చిత్తడి దుప్పి

దక్షిణ అమెరికా దుప్పుల్లో అన్నిటికంటే పెద్దది ఇదే. ఇది వంద కిలోలు దాటి కూడా తూగుతుంది. ఒళ్లు ఎర్రగా ఉంటుంది. కాళ్ల కింది భాగం నల్లగా ఉంటుంది. మగదాని కొమ్ములు కొమ్మలు కొమ్మలుగా చీలి ఉంటాయి.

ఇది నీళ్లలో, తుంగలో, రెల్లులో తిరుగుతుంది. బురదలో మనం నడిస్తే కాలు దిగబడుతుంది. దీని కాలు దిగబడదు. ఎందుకంటే దీని గిట్టలు బాగా విచ్చుకుంటాయి. గిట్టల మధ్య చర్మం కూడా ఉంటుంది. బాతు కాలి వేళ్ల మధ్య చర్మం ఉన్నట్టే ఇదీ. బ్రెజిల్‌లోని పంటనాల్ చిత్తడి నేలల్లో, అర్జెంటీనాలోని ఇబెరా చిత్తడి నేలల్లో ఇవి ఎక్కువగా ఉన్నాయి. ఉరుగ్వేలో ఒకప్పుడు ఉండేవి. ఇప్పుడు లేవు.

మైదానం దుప్పి

ఇది గడ్డి మైదానాల్లో ఉంటుంది. మన మేకపోతు అంత ఉంటుంది. 30, 35 కిలోలు తూగుతుంది. మగదాని వెనక గిట్టల దగ్గరి నుంచి ఘాటైన వాసన వస్తుంది. వెల్లుల్లి వాసనలాగా ఉంటుందట. అది చాలా దూరానికి తెలుస్తుంది.

దీని తల్లి ప్రేమ చెప్పుకోదగ్గది. ఈనే ముందు తల్లి మందను విడిచి ఒంటరిగా వెళ్తుంది. పిల్లను పొడుగు గడ్డిలో దాస్తుంది. మనిషో, మృగమో దగ్గరికొస్తే తల్లి కుంటుతున్నట్టు నడుస్తుంది. వచ్చినవాళ్లు "ఇది దొరికేట్టుంది" అని దాని వెంట పడతారు. తల్లి వాళ్లను పిల్లకు దూరంగా తీసుకుపోతుంది. ఉన్నది ఒకే పిల్ల గదా! దాన్ని కాపాడుకోవాలి.

మజామా దుప్పి

ఇది అడవి లోపల ఉంటుంది. ఒంటరిగా తిరుగుతుంది. దీని కొమ్ములకు కొమ్మలు ఉండవు. వేలెడంత పొడుగున సూటిగా ఉంటాయి. అందుకే పొదల్లో దూరినా చిక్కుకోవు. ఇది ఆకులు తింటుంది. చెట్ల కింద రాలిన పండ్లు ఏరుకుని తింటుంది. ఇందులో ఎర్రది, బూడిద రంగుది, ఇంకా చాలా రకాలు ఉన్నాయి.

దీన్ని కంటితో చూడటం కష్టం. అందుకని బ్రెజిల్‌లో పరిశోధకులు కుక్కలకు శిక్షణ ఇచ్చారు. కుక్క వాసన పట్టి దుప్పి పెంటికలను చూపిస్తుంది. ఆ పెంటికలను పరీక్ష చేస్తే అది ఏ రకం దుప్పో తెలుస్తుంది. దుప్పిని పట్టనక్కర్లేదు, బెదరగొట్టనక్కర్లేదు.

పుడు

పేరు ఎంత చిన్నదో దుప్పి కూడా అంత చిన్నది. ఆండీస్ కొండల్లో చలి ప్రాంతంలో ఉంటుంది. ఉత్తరపు పుడు ప్రపంచంలోకెల్లా చిన్న దుప్పి. ఎత్తు ఒక అడుగు కంటే కొంచెం ఎక్కువ. బరువు ఆరు కిలోలకు మించదు. అంటే ఆరు నెలల పసిబిడ్డ కంటే కూడా తేలిక. ఇన్నాళ్లూ కొలంబియాలో, ఈక్వడార్‌లో, పెరూలో ఉన్నవన్నీ ఒకటే రకం అనుకున్నారు. పెరూలో ఎక్కువగా ఉన్నది వేరే రకం అని 2024లో తేల్చి చెప్పారు.

పడవల్లో వెళ్లిన తోళ్లు

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఈ దుప్పులు ఎందుకు తరిగాయి?

మైదానం దుప్పులు ఒకప్పుడు గడ్డి మైదానాల్లో ఎక్కడ చూసినా కనిపించేవి. వాటి తోళ్లకు ఐరోపా దేశాల్లో గిరాకీ ఉండేది. 1860 నుంచి 1870 దాకా పదేళ్లలో ఒక్క బ్యూనస్ ఐరిస్ రేవు నుంచే దాదాపు 20 లక్షల దుప్పి తోళ్లు ఓడలెక్కాయి. బ్యూనస్ ఐరిస్ అర్జెంటీనా దేశానికి రాజధాని.

20 లక్షల తోళ్లంటే 20 లక్షల దుప్పులు. తల్లులు కూడా అందులో ఉన్నాయి. ఏడాదికి ఒకే పిల్లను కనే జీవి ఆ లోటును ఎలా పూడ్చుకుంటుంది?

ఇప్పుడు మైదానం దుప్పి, చిత్తడి దుప్పి తోళ్ల వ్యాపారాన్ని దేశాలన్నీ కలిసి ఒప్పందం చేసుకుని నిషేధించాయి. బ్రెజిల్‌లో 1967లో అడవి జంతువుల వేట మీద నిషేధం తెచ్చారు. కానీ తోళ్ల వ్యాపారం పోయినా దుప్పులు పూర్తిగా కోలుకోలేదు. ఎందుకు?

చోటు పోతే అన్నీ పోతాయి

తుపాకి ఒక్కసారికి ఒక్క దుప్పినే చంపుతుంది. ఉండే చోటు పోతే మందంతా పోతుంది.

గడ్డి మైదానం అంటే దున్నడానికి అనువైన నేల. అక్కడ పశువుల కామందులు కంచెలు వేశారు. తర్వాత పంటలు వచ్చాయి. బ్రెజిల్ నడుమ సెరాడో అనే పెద్ద మైదానం ఉంది. అందులో గడ్డి, పొదలు, చిన్న చెట్లు ఉంటాయి. అందులో దాదాపు సగం ఇప్పటికే పొలాలుగా, పశువుల బీళ్లుగా మారిపోయింది. సోయా చిక్కుడు, చెరకు, మొక్కజొన్న వేస్తున్నారు. ఆ సోయా చాలావరకు వేరే దేశాలకు కోళ్ల మేతగా, పందుల మేతగా వెళ్తుంది. అక్కడ ఎమాస్ అనే జాతీయ వనం ఉంది. చుట్టూ పొలాలు, మధ్యలో ఆ వనం. మైదానం దుప్పులకు అది ఒక దీవి లాంటిది.

చిత్తడి దుప్పికి ఇంకో బాధ వచ్చింది. బ్రెజిల్‌లో పరానా అనే నది మీద పోర్తో ప్రిమవేరా అనే పెద్ద డ్యాం కట్టారు. 1998లో అందులో నీళ్లు నింపడం మొదలుపెట్టారు. నది పక్కన పల్లపు నేలలన్నీ మునిగిపోయాయి. చిత్తడి దుప్పి నీళ్లలో బతుకుతుంది కదా, దానికేం అనుకోవచ్చు. కానీ దానికి కావలసింది మోకాలి లోతు నీళ్లు, వాటిలో పెరిగే గడ్డి. లోతైన చెరువులో గడ్డి ఎక్కడుంటుంది? నీళ్లు రాకముందే కొన్ని దుప్పుల్ని పట్టి వేరే చోట్లకు తరలించారు. కానీ పోయిన నేలను తరలించలేరు. ముంపు బాధ ఏమిటో మన కృష్ణా, గోదావరి ఒడ్డు ఊళ్లకు బాగా తెలుసు.

పశువుల రోగాలు, ఊరకుక్కలు

దుప్పులు మేసే చోట పశువులు కూడా మేస్తే రోగాలు అంటుకుంటాయి. గాలికుంటు ఆవుకు వస్తుంది, దుప్పికీ వస్తుంది. ఆవుకు టీకా వేయించవచ్చు. అడవి దుప్పికి ఎవరు వేయిస్తారు?

ఇబెరా చిత్తడి నేలల్లో ఒకసారి చాలా దుప్పులు చచ్చిపోయాయి. వాటిని కోసి పరీక్ష చేశారు. కడుపులో రక్తం పీల్చే పురుగులు కనిపించాయి. ఒంటి మీద పిడుదులు కనిపించాయి. ఆ కడుపు పురుగులు పశువులకూ, గొర్రెలకూ వచ్చేవే. వరదల వల్ల మేత దొరక్క, చలికి తట్టుకోలేక నీరసపడ్డ దుప్పుల్ని ఇవి దెబ్బ తీశాయి.

అడవి అంచున ఉండే ఊళ్లతో కుక్కల బెడద కూడా ఉంది. కుక్కలు గుంపుగా తరిమితే మజామా దుప్పి నిలవలేదు. పిల్లలైతే అసలే తప్పించుకోలేవు.

మన చుక్కల దుప్పి అక్కడ ఏం చేస్తోంది?

చుక్కల దుప్పి మన దేశంలో పుట్టింది. నల్లమల అడవుల్లో మందలు మందలుగా కనిపిస్తుంది. తెలంగాణకు ఇది రాష్ట్ర జంతువు. ఇక్కడ దీన్ని వేటాడితే నేరం. 1972లో వచ్చిన వన్యప్రాణి రక్షణ చట్టం ఆ మాట చెబుతుంది.

సుమారు వందేళ్ల కిందట అర్జెంటీనాలో, ఉరుగ్వేలో కొందరు ధనవంతులు చుక్కల దుప్పుల్ని ఓడల మీద తెప్పించుకున్నారు. తమ భూముల్లో వేటాడి సరదా పడదామని తెప్పించారు. ఆ దుప్పులు కంచెలు దాటి బయటికి వెళ్లాయి. అక్కడ వాటిని తినే పెద్దపులి లేదు, రేచుకుక్క లేదు. గడ్డి బోలెడంత ఉంది. అవి బాగా పెరిగిపోయాయి. అక్కడి దుప్పుల మేతకు పోటీ వచ్చాయి. లేత మొక్కల్ని కొరికి పాడు చేస్తున్నాయి. అర్జెంటీనాలో ఎల్ పాల్మార్ అనే జాతీయ వనంలో వీటిని తగ్గించడానికి ప్రభుత్వమే వేట అనుమతులు ఇచ్చింది.

ఇక్కడ కాపాడవలసిన జంతువే అక్కడ బెడద అయింది. తప్పు దుప్పిది కాదు, తెచ్చినవాళ్లది. ప్రతి జీవికీ ఒక చోటు ఉంటుంది. దాన్ని అక్కడే బతకనివ్వాలి.

మళ్లీ చోటు దొరికింది

అన్నీ చెడ్డ కబుర్లే కాదు. చోటు ఇచ్చిన చోట దుప్పులు నిలిచాయి.

ఉరుగ్వేలో మైదానం దుప్పులు దాదాపు పోయాయనుకున్న కాలంలో, కొన్ని పశువుల భూముల్లో మాత్రం మిగిలాయి. ఆ భూముల ఆసాములు వాటిని వేటాడనివ్వలేదు. ఆవులతో పాటే మేయనిచ్చారు. 1985లో ఉరుగ్వే ప్రభుత్వం ఈ దుప్పిని దేశ సంపదగా ప్రకటించింది.

అర్జెంటీనాలో ఒక మైదానాన్ని సరుగుడులాంటి కలప చెట్ల తోటలు కమ్ముకొస్తున్నాయి. అక్కడ మైదానం దుప్పులు మిగిలాయి. 2009లో వాటిలో కొన్నిటిని జాగ్రత్తగా పట్టి ఇబెరాలో కాపలా ఉన్న గడ్డి నేలకు తీసుకెళ్లి వదిలారు. అవి అక్కడ ఈనాయి. కొన్నేళ్లలో వాటి సంఖ్య వంద దాటింది. 2018లో ఇబెరాలో జాతీయ వనం ఏర్పాటు చేశారు. అదే ఏడాది బ్యూనస్ ఐరిస్ నగరానికి దగ్గర్లో చిత్తడి దుప్పి పేరు మీదే ఇంకో జాతీయ వనం వచ్చింది.

అసలు, వడ్డీ లెక్క

అయితే అడవిలో బతికే పేదల మాటేమిటి? వాళ్లకు సంత దూరం. కూరకు డబ్బుండదు. అడవి మాంసమే వాళ్లకు బలం. వేట మొత్తం మానండి అంటే వాళ్ల పిల్లలు ఏం తినాలి?

ఈ ప్రశ్నకు పెరూ దేశంలో కొన్ని ఊళ్లవాళ్లు ఒక దారి వెతికారు. అమెజాన్ అడవిలో తమ్షియాకు, తవాయో అని రెండు పేర్లతో పిలిచే ఒక అడవి ఉంది. 1991లో దాన్ని ఊళ్ల ఉమ్మడి అడవిగా ప్రకటించారు. అక్కడి జనం నది ఒడ్డున సాగు చేసుకుంటారు, చేపలు పడతారు, వేటాడతారు.

వాళ్లు అడవిని భాగాలు చేసుకున్నారు. ఒక భాగం ఊళ్లకు, పొలాలకు. ఒక భాగం ఇంటి అవసరానికి వేటాడటానికి. నడి అడవిలో మాత్రం వేట లేదు. అక్కడ జంతువులు నిశ్చింతగా ఈనుతాయి. పెరిగినవి వేట భాగంలోకి వస్తాయి.

ఇది మన పొదుపు సంఘం లెక్కలాంటిదే. అసలు ముట్టుకోకుండా వడ్డీ వాడుకుంటే డబ్బు ఎప్పటికీ ఉంటుంది. అసలే తినేస్తే సంఘం మూతపడుతుంది.

లెక్క వేసి చూడండి. ఒక చోట 20 దుప్పులు ఉన్నాయనుకుందాం. అందులో 10 ఆడవి. పదీ ఈనితే 10 పిల్లలు. కొన్ని పిల్లల్ని జాగ్వార్ తింటుంది. జాగ్వార్ అంటే మన చిరుతలాంటిదే, ఇంకా పెద్దది. కొన్ని జబ్బుతో పోతాయి. కొన్ని ముసలివి కూడా పోతాయి. అన్నీ పోగా 5 పెరిగాయనుకుందాం.

ఊరు ఏడాదికి 3 వేటాడితే మంద పెరుగుతుంది.
5 వేటాడితే మంద అంతే ఉంటుంది.
8 వేటాడితే మంద ఏటేటా తరుగుతుంది.

కానీ ఎన్ని వేటాడారో తెలియాలంటే రాసి పెట్టాలి. అక్కడ వేటగాళ్లు అదే చేశారు. ఏ రోజు, ఎక్కడ, ఏ జంతువును కొట్టారో పుస్తకంలో రాశారు. వేటాడిన జంతువుల పుర్రెల్ని ఇంటివాళ్లు దాచి పరిశోధకులకు ఇచ్చారు. పళ్ల అరుగుదల చూస్తే జంతువు వయసు తెలుస్తుంది. అలా ఎన్ని చిన్నవి పోతున్నాయో, ఎన్ని పెద్దవి పోతున్నాయో తేలింది. కోతులు చాలా ఆలస్యంగా పిల్లల్ని కంటాయి. వాటికి ఏడాదికి ఒకటి కూడా ఉండదు. అందుకని వాటిని కొట్టడం తగ్గించాలని, కావాలంటే అడవి పందుల్ని, దుప్పుల్ని లెక్క ప్రకారం కొట్టాలని అనుకున్నారు.

అడవిని కాపాడటంలో అక్షరం, అంకె ఇలా పనికొచ్చాయి. పుస్తకంలో రాసిన లెక్కను ఎవరూ కాదనలేరు. బయటి నుంచి వచ్చి ఎడాపెడా కాల్చుకుపోయే వేటగాళ్లను ఆపడానికి కూడా ఊరికి ఆ లెక్కే బలం.

గుర్తుంచుకోవలసింది

దుప్పి ఏడాదికి ఒకే పిల్లను ఈనుతుంది. దానికి తినడానికి గడ్డి, దాక్కోవడానికి చోటు కావాలి. పిల్ల పెద్దదయ్యేదాకా వ్యవధి కావాలి. ఈ మూడూ ఉన్న చోట దుప్పి నిలిచింది. ఒక్కటి పోయినా తరిగిపోయింది.

చట్టం కావాలి. వనాలు కావాలి. వాటితో పాటు ఆ నేల మీద బతికేవాళ్ల మాటకు విలువ ఉండాలి. వాళ్ల కడుపు నిండే దారి చూపాలి. అప్పుడే కాపలా నిలబడుతుంది.

మాట్లాడుకోండి

1. జింక కొమ్ముకూ దుప్పి కొమ్ముకూ తేడా ఏమిటి?
2. చిత్తడి దుప్పి బురదలో ఎందుకు దిగబడదు?
3. తుపాకి కంటే చోటు పోవడం ఎందుకు పెద్ద నష్టం?
4. పెరూ ఊళ్లవాళ్లు వేట లెక్క రాయడం వల్ల ఏం మేలు జరిగింది?
5. మీ ఊరి చెరువులో చేపలు, అడవిలో కుంకుళ్లు, తునికాకు ఏటా ఎంత తీస్తున్నారు? మళ్లీ ఏడాదికి అంతే దొరుకుతున్నాయా? నలుగురూ కూర్చుని ఒక పుస్తకంలో రాసి చూడండి.